పడవ వెనకాల బావ

పొద్దున్నే లేవగానే పళ్ళ డాక్టరు చేసే మొదటి పని పడవ అడుగున చేరిన నీళ్ళు తోడడం. నేల మీది పలక ఒకటి పైకెత్తి, చేతిపంపు గొట్టం లోపలికి దించి, నీళ్ళు గుటకలు వేస్తున్నట్టు చప్పుడు చేస్తూ బయటికి పోతుంటే వింటూ కూర్చుంటాడు. తర్వాత పైకి వచ్చి, ఒడ్డు మీద గుర్తుపెట్టుకున్న తెల్ల గోడ నిన్న ఉన్నచోటే ఉందో లేదో చూసుకుంటాడు. ఉంటే లంగరు జారలేదన్నమాట. ఆపైన మంచినీళ్ళ ట్యాంకు మీద వేలితో కొట్టి, చప్పుణ్ణి బట్టి ఎంత మిగిలిందో చెప్తాడు. ఏళ్ళ తరబడి జనం పళ్ళ మీద కొట్టి చూసిన చెయ్యి కాబట్టి ఆ లెక్క తప్పదు.

ఈలోగా అతని భార్య టైలరమ్మ పరుపులు పైకి తెచ్చి ఎండలో వేస్తుంది. సముద్రం మీద ఏదీ పూర్తిగా ఆరదు. ఉప్పుగాలికి దిండ్లు కూడా చెమటపడతాయి. ఉతికిన బట్టలు తీగ మీద వేసి ఒక్కోదానికి రెండేసి క్లిప్పులు పెడుతుంది. ఒక్క క్లిప్పుతో సరిపెట్టిన చొక్కా ఒకటి ఏ దీవిలో ఎవరు తొడుక్కుంటున్నారో ఆ దేవుడికే తెలియాలి. తర్వాత కిందికి దిగి కాఫీ పెడుతుంది. పడవ ఎటు ఒరిగినా పొయ్యి మాత్రం నిటారుగా ఉండేలా ఉయ్యాలలాగా వేలాడదీసి ఉంటుంది. కాఫీ పొంగేలోపు ఆమె మెట్ల మీంచి తల బయటికి పెట్టి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని వెనక్కి చూస్తుంది.

“అన్నయ్య లేచాడు,” అంటుంది.

పడవ వెనకాల, గట్టిగా కేకేస్తే వినపడేంత దూరంలో, ఆమె అన్నయ్య డ్రిల్లు మాస్టరు నీళ్ళ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని పళ్ళు తోముకుంటుంటాడు. సంచీ ఒళ్ళో ఉంటుంది. అల వచ్చినప్పుడు దాంతోపాటు కాస్త పైకి లేస్తాడు, మళ్ళీ కిందికి దిగుతాడు. టైలరమ్మ ఫ్లాస్కులో కాఫీ పోసి, రొట్టె ముక్కలూ ఉడికిన గుడ్డూ మూటకట్టి, రబ్బరు పడవలో తెడ్డు వేసుకుంటూ వెళ్ళి ఇచ్చి వస్తుంది. డాక్టరు మాత్రం అటు చూడడు. సరిగ్గా ఆ వేళకి అతనికి ఏదో ఒక తాడు ముడి విప్పి మళ్ళీ వెయ్యాల్సిన పని తప్పకుండా కనిపిస్తుంది.

నిజానికి ఆ పడవ ముగ్గురూ కలిసి కట్టింది. డాక్టరు క్లినిక్కు వెనకాల రేకుల షెడ్డు ఒకటి ఉండేది. ఆఖరి పేషెంటు దవడ పట్టుకుని వెళ్ళిపోగానే డాక్టరు తెల్లకోటు విప్పి షెడ్డులోకి వెళ్ళేవాడు. అప్పటికే మాస్టరు స్కూలు నించి వచ్చి, మెడలో విజిలైనా తియ్యకుండా పలకలు చిత్రిక పడుతుండేవాడు. టైలరమ్మ తెరచాపలు కుట్టింది. అంత గుడ్డ పరచడానికి ఇంట్లో చోటు చాలక, మాస్టరు స్కూలు ఆటల హాల్లో పరిచి, మోకాళ్ళ మీద పాకుతూ కుట్టింది. అలా ఏళ్ళు గడిచాయి. మాస్టరు పెళ్ళి చేసుకోలేదు. అడిగితే, “పడవ అయ్యాక చూద్దాం” అనేవాడు.

మాస్టరు గొప్పలు చెప్పుకునే మనిషి కాదు. అతని గొంతే అంత. ఏ మాటన్నా ఎదుటివాళ్ళు వరసలో నిలబడాలనిపించే గొంతు. “బావా, ఆ కొస పట్టుకో” అనేవాడు. డాక్టరు పట్టుకునేవాడు. అన్నేళ్ళూ కొసలు పట్టుకుంటూనే ఉన్నాడు. పడవని నీళ్ళలోకి దించిన రోజు రేవులో వాళ్ళందరూ మాస్టరు చెయ్యి పట్టుకుని ఊపారు. రంగులు వేసే అతను, “కెప్టెనుగారూ, నిచ్చెన ఎటుపక్క బిగించమంటారు?” అని మాస్టర్ని అడిగాడు. డాక్టరు పక్కనే ఉన్నాడు. చేతిలో ఏదో కొస కూడా ఉంది. అందరితో పాటు తనూ నవ్వాడు గానీ, ఆ మాట లోపల చేపముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది.

డాక్టరు క్లినిక్కు మూసేశాడు. మాస్టరు ఉద్యోగం మానేశాడు. తన సైకిలూ బీరువా పక్క ఊళ్ళో ఉన్న పాత స్నేహితుడికి ఇచ్చి రావడానికి బయల్దేరుతూ, “శుక్రవారం సాయంత్రం బస్సుకి వచ్చేస్తాను, శనివారం పొద్దున్న లంగరు ఎత్తేద్దాం” అన్నాడు.

గురువారం పొద్దున్న ఒడ్డు మీంచి సముద్రం వైపుకి చక్కటి గాలి పట్టింది. చాప ఎత్తితే చాలు, తోసుకుపోయే గాలి. డాక్టరు చాలాసేపు ఆ గాలిలో నిలబడ్డాడు. చుక్కాని కర్ర మీద చెయ్యి వేశాడు. చుట్టుపక్కల చెయ్యి పక్కకి జరపమనే వాళ్ళెవరూ లేరు. కిందికి వెళ్ళి భార్యతో అన్నాడు.

“మీ అన్నయ్య ఫోన్ చేశాడు. రాడట.”

“రాడా? ఎందుకని?”

“సముద్రమంటే భయంగా ఉందట. మనల్ని వెళ్ళిపొమ్మన్నాడు. నీతో చెప్పడానికి సిగ్గుపడుతున్నాడు.”

మాస్టరుకి సెల్‌ఫోను ఉండేది కాదు. ఎక్కడుంటే అక్కడి ఫోన్లోంచి మాట్లాడేవాడు. కాబట్టి తిరిగి అడిగే వీలు లేదు. టైలరమ్మ అంగవస్త్రంలా మడతపెట్టిన ముందు చాప మీద కూర్చుని కాసేపు ఏడ్చింది. “అంత భయం ఉన్నవాడు ఇన్నేళ్ళు ఎందుకు కట్టాడండీ,” అంది. డాక్టరు లంగరు ఎత్తడానికి పైకి వెళ్ళాడు. పేషెంట్లతో ‘నొప్పేం ఉండదు’ అనడం తప్ప పెద్దగా అబద్ధాలాడిన మనిషి కాదు. ఇది ఇంత తేలిగ్గా వస్తుందని అతనికే తెలీదు. మధ్యాహ్నానికి ఊరు కనుచూపు మేర దాటిపోయింది.

కొన్నాళ్ళకి ఒక పొద్దున్న టైలరమ్మ బట్టలు ఆరేస్తూ వెనక్కి చూసి ఆగిపోయింది. దూరంగా నీళ్ళ మీద ఒక మనిషి వస్తున్నాడు. పాంటు పిక్కల దాకా మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని, భుజాన సంచీతో, చేతులు సమానంగా ఊపుతూ నడుస్తున్నాడు. ఆ నడక ఆమెకి పుట్టినప్పటినించీ తెలుసు.

“ఏమండీ, అన్నయ్య వస్తున్నాడు,” అంది. కాసేపు చూసి, “టోపీ పెట్టుకోలేదు చూడండి. ఈ ఎండలో,” అంది.

డాక్టరు చేతిలో ఉన్న మగ్గు సముద్రంలో పడింది.

రబ్బరు పడవ వేసుకుని ఆమె ఎదురెళ్ళింది. రానన్నవాడివి వస్తున్నావేంటి, భయం అన్నావట కదా, ఫోన్ చేశావట కదా అని అడిగింది. మాస్టరు పడవ వైపు చాలాసేపు చూశాడు. పడవ మీద డాక్టరు వీపు కనిపిస్తోంది.

“అవునమ్మా. భయమేసింది,” అన్నాడు. “తర్వాత తగ్గింది.”

“మరి ఎక్కు, పోదాం.”

“వద్దులే. నడక బాగుంది. ఇక్కణ్ణించి చూస్తే చాపలు ఎంత బాగా కుట్టావో తెలుస్తోంది.”

ఆమె తిరిగొచ్చి మొత్తం భర్తకి చెప్పింది. “చిన్నప్పటినించీ మొండివాడే,” అని ముగించింది. డాక్టరు అప్పటికే బిగిసి ఉన్న తాడుని ఇంకా బిగించాడు. అబద్ధం తను ఆడాడు, దాన్ని మోస్తున్నది బావ. పిరికివాడన్న పేరు కూడా కాదనకుండా భుజాన వేసుకుని నీళ్ళ మీద నడుస్తున్నాడు. ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. తిట్టి ఉంటే ఇంకా బాగుండేది.

ఆ రోజు నించీ అంతే. పడవ సాగితే మాస్టరు నడుస్తాడు. లంగరు వేస్తే వచ్చి, ఆ కేక దూరంలో ఆగి కూర్చుంటాడు. చెల్లెలు ఎంత పిలిచినా దగ్గరికి రాడు. ఊళ్ళోకి దిగినా ఆ దూరం ఆ దూరమే. డాక్టరు కూరగాయలు బేరమాడుతుంటే వీధి ఆ చివర మాస్టరు నిమ్మకాయలు ఏరుకుంటూ కనిపించేవాడు. తోటి పడవలవాళ్ళు చెయ్యి ఊపి పలకరించేవాళ్ళు. జాలర్లు వలలు అతని పాదాలకి తగలకుండా పక్కకి లాగి దారి ఇచ్చేవాళ్ళు. ఒక రేవులో పడవలు నమోదు చేసే ఆఫీసులో బల్ల వెనక కూర్చున్న ఆవిడ డాక్టర్ని అడిగింది.

“పడవలో ఎంతమంది?”

“ఇద్దరం.”

ఆవిడ కిటికీలోంచి చూసింది. “మరి ఆయన?”

“మా బావ. నడిచి వస్తున్నాడు.”

“ఓహో. నడిచొచ్చేవాళ్ళని ఇందులో రాయక్కర్లేదు,” అని స్టాంపు వేసి కాయితం ఇస్తూ, “మనిషి నల్లబడిపోయాడు. గొడుగైనా ఇవ్వకపోయారా,” అంది.

డాక్టరు ఒక గొడుగు కొన్నాడు. టైలరమ్మ చేతికిచ్చి, “నువ్వే కొన్నట్టు చెప్పు,” అన్నాడు. తన పేరు చెప్పుకునే ధైర్యం గొడుగు విషయంలో కూడా అతనికి లేకపోయింది.

ఒకసారి అతను పారిపోదామనుకున్నాడు. పారిపోవడం అని తనలో తను అనుకోలేదు. ‘మంచి గాలి, వదలకూడదు’ అనుకున్నాడు. తెల్లారకముందే లంగరు ఎత్తి, చాపలన్నీ విప్పాడు.

“ఏంటండీ ఈ తొందర? అన్నయ్య ఇంకా పళ్ళైనా తోముకోలేదు,” అంది టైలరమ్మ నిద్రకళ్ళతో.

“గాలి తిరిగిపోతుంది. వస్తాడులే.”

పడవ ఒక పక్కకి ఒరిగి, నీళ్ళని చీల్చుకుంటూ పోయింది. కొండకొమ్ము చుట్టూ తిరిగి, దీవులు దాటి, ఎవరూ ఆగని ఒక చిన్న తీరానికి చేరాక అతను వెనక్కి చూశాడు. నీళ్ళు తప్ప ఏమీ లేవు. ఆ రోజంతా అతనికి అన్నం సహించలేదు. మర్నాడు కూడా మాస్టరు రాలేదు. టైలరమ్మ పొయ్యి వెలిగించలేదు, పడవ వెనక భాగంలోనే కూర్చుంది. ఆ తర్వాతి రోజు మధ్యాహ్నం మాస్టరు ఎండలో చుక్కలాగా కనపడి, చాలా నెమ్మదిగా పెద్దవాడయ్యాడు. కుంటుతున్నాడు. వచ్చి తన దూరంలో కూర్చుని, కాళ్ళు చాపుకుని, మడమలు చేత్తో రుద్దుకున్నాడు.

టైలరమ్మ రబ్బరు పడవలో వెళ్ళి చూసొచ్చింది. పాదాలు ఉప్పుకి పగిలిపోయాయని, చెప్పులు అరిగి రేకులయ్యాయని చెప్పింది. మిగిలిన చాపగుడ్డ మూడు పొరలు వేసి, మైనం దారంతో బూట్లు కుట్టడానికి కూర్చుంది. సూది దిగినప్పుడల్లా ఆ టకటక శబ్దం డాక్టరుకి తన అరికాళ్ళలో దిగుతున్నట్టుండేది. అప్పటినించీ తనే మెల్లగా పోనివ్వడం మొదలుపెట్టాడు. గాలి ఎంత ఉన్నా చాప సగమే విప్పేవాడు. దాటిపోతున్న పడవలవాళ్ళు, అంత మంచి గాలి వృథా చేస్తున్నాడేంటని వింతగా చూసేవాళ్ళు. నీళ్ళ మీద నడిచేవాణ్ణి ఎవరూ వింతగా చూడలేదు.

అలా కొంతకాలం గడిచాక మాస్టరుకి పన్ను పోటు వచ్చింది.

“ఎడమ బుగ్గ బూరెలా వాచింది,” అంది టైలరమ్మ కాఫీ తిరిగి తెచ్చేసి. “రాత్రంతా నిద్రలేదట. ఇంక మీరు వెళ్ళక తప్పదు. ఊళ్ళోవాళ్ళందరి పళ్ళూ పీకారు, సొంత బావకి చూడరా?”

తప్పించుకోవడానికి ఏ తాడూ కనిపించలేదు. పాత తోలుసంచీ తీసుకుని రబ్బరు పడవ ఎక్కాడు. మాస్టరు బాసింపట్టు వేసుకుని, చెంప చేత్తో పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. దగ్గరికెళ్ళాక చూస్తే బాగా చిక్కిపోయాడు. జుట్టు ఎండకి రంగు వెలిసింది. కనుబొమ్మల మీద ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది.

“నోరు తెరువు,” అన్నాడు డాక్టరు.

మాస్టరు తెరిచాడు.

మాట్లాడ్డానికి అంతకన్నా మంచి వేళ ఉండదు. ఎదుటివాడు జవాబు చెప్పలేడు. తిట్టలేడు. వినడం తప్ప ఏమీ చెయ్యలేడు. డాక్టరు చిన్న అద్దం లోపల పెట్టి, దవడ చివరి పన్ను చూశాడు. మత్తుసూది పొడిచాడు. మొద్దుబారేదాకా ఆగాలి. ఆగాడు. గొంతులోకి మాట వచ్చింది కూడా.

“ఎండ బాగా ఉంది కదా,” అన్నాడు.

మాస్టరు నోరు తెరుచుకునే తలాడించాడు.

“వర్షాల కాలం వచ్చేలోపు ఎక్కడైనా లోపలికి పోయి ఆగాలి,” అన్నాడు డాక్టరు. మాస్టరు దానికీ తలాడించాడు. కళ్ళు మాత్రం తన మీదే ఉన్నాయి. ఆ కళ్ళలో కోపం వెతికాడు డాక్టరు. పట్టకారు నోట్లోకి వస్తున్నప్పుడు ఏ పేషెంటుకైనా ఉండే బెదురే తప్ప ఇంకేమీ దొరకలేదు. పన్ను ఊడదీశాడు. దూది పెట్టాడు. పళ్ళ మధ్య గట్టిగా నొక్కిపెట్టమన్నాడు. రబ్బరు పడవ తిప్పుకుని నాలుగు తెడ్లు వేశాక, వెనక నించి దూది అడ్డుపడ్డ ముద్ద గొంతు వినిపించింది.

“బావా. ముందు చాప మరీ బిగించేస్తున్నావు. కొంచెం వదులు చెయ్యి. గాలి వేస్టయిపోతోంది.”

“సరే,” అన్నాడు డాక్టరు, తిరిగి చూడకుండా.

ఆ సాయంత్రం ముందు చాప వదులు చేశాడు. పడవ హాయిగా సాగింది. అతనికి ఏడుపొచ్చింది. భార్య చూడకుండా కిందికి దిగి, అవసరం లేకపోయినా నీళ్ళు తోడాడు.

వర్షాల కాలం అనుకున్నదానికన్నా ముందే దగ్గరపడింది. ఇంకో పూట ప్రయాణం చేస్తే, మూడు వైపులా కొండలున్న ఒక మడుగులాంటి చోటు ఉంది. అందులోకి పోతే ఏ గాలివానా ఏమీ చెయ్యలేదు. దాని దారికి ఒక పక్క పొడుగ్గా పగడపు దిబ్బ. నీళ్ళ కింద కోరల్లా ఉండే దిబ్బ. దాన్ని దాటుతుండగా గాలి ఒక్కసారిగా పడిపోయింది. చాపలు తడిబట్టల్లా వేలాడాయి. అలలు మాత్రం ఆగలేదు. ఎక్కడో దూరంలో పుట్టిన గాలివాన తాలూకు పెద్ద పెద్ద అలలు నున్నగా, తీరిగ్గా వచ్చి పడవని దిబ్బ వైపుకి నెడుతున్నాయి. డాక్టరు ఇంజను వేశాడు. అది రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఎవరో పారేసిన వలముక్క అడుగున తిరిగే ఇంజను రెక్కకి చుట్టుకుంది. లంగరు వేస్తే గొలుసంతా దిగిపోయింది గానీ అడుగు అందలేదు.

దిబ్బ మీద అలలు విరిగే చప్పుడు దగ్గరవుతోంది. టైలరమ్మ వెనక్కి పరిగెత్తింది.

“అన్నయ్యా, ఇటు రా. తాడు పట్టుకో,” అని కేకేసింది.

మాస్టరు లేచి నిలబడ్డాడు. రాలేదు. అతను చూస్తున్నది చెల్లెల్ని కాదు. ఆమె ఆ చూపు వెంట తల తిప్పి భర్తని చూసింది. డాక్టరు చేతిలో తాడు కొస ఉంది.

“బావా,” అన్నాడు డాక్టరు. మళ్ళీ గట్టిగా అన్నాడు. “బావా, రా.”

మాస్టరు పరిగెత్తుకొచ్చాడు. చాపగుడ్డ బూట్లతో అలలెక్కి దిగుతూ, పడవ ముందుకొచ్చి, డాక్టరు విసిరిన తాడు అందుకుని భుజాల చుట్టూ వేసుకున్నాడు. ముందుకి వంగి, ఒక్కో అడుగూ నీళ్ళలో తన్నిపెట్టి లాగాడు. మొదట పడవ కదల్లేదు. తర్వాత ముక్కు మెల్లగా పక్కకి తిరిగింది. దిబ్బ మీద విరిగిన అల నురుగు పడవ అంచు మీదికి ఎగిరిపడుతుండగా బయటికొచ్చారు. అక్కణ్ణించి కొండల మధ్య మడుగులోకి పొద్దు వాలేదాకా లాగుతూనే ఉన్నాడు. తాడు భుజాన్ని కోసి చొక్కా ఎర్రబడింది. డాక్టరు పడవ ముందర మోకాళ్ళ మీద కూర్చుని ఆ చొక్కానే చూస్తున్నాడు. ఇన్నాళ్ళకి పిలిచాడు. పిలిచింది అవసరానికి.

నీళ్ళు అద్దంలా ఉన్నచోట లంగరు పడింది. మాస్టరు తాడు విప్పుకుని, చుట్టలు చుట్టి, పడవ మీదికి విసిరాడు. ఒక్క క్షణం నిలబడ్డాడు. డాక్టరు నోరు తెరవలేదు. మాస్టరు తిరిగి నడుచుకుంటూ పోయి తన దూరంలో కూర్చున్నాడు.

టైలరమ్మ అదంతా చూసింది. “పడవ అంచు దాకా వచ్చినవాడు ఎందుకు ఎక్కలేదు?” అంది. “నేను పిలిస్తే కదలనివాడు మీరు పిలిస్తే ఎందుకొచ్చాడు?”

గండం గడిచింది. ఇప్పుడు ఎవరూ తరమడం లేదు. డాక్టరు చుట్ట చుట్టిన తాడు వైపు చూస్తూ చెప్పాడు.

“మీ అన్నయ్య ఫోన్ చెయ్యలేదు.”

ఆమె అతని వైపు తిరిగింది.

“భయమనీ అనలేదు. నేనే కల్పించాను. అతను రాకముందే వెళ్ళిపోవాలని అలా చెప్పాను.”

“ఎందుకు?”

“పడవ నాది అనిపించుకోవాలనిపించింది.”

అతను తిట్టు కోసం ఎదురుచూశాడు. ఆమె కిందికెళ్ళి, ఫ్లాస్కూ దుప్పటీ మందుడబ్బా తీసుకుని, రబ్బరు పడవ ఎక్కి అన్న దగ్గరికి వెళ్ళిపోయింది. అన్నాచెల్లెళ్ళు తలలు దగ్గరపెట్టి మాట్లాడుకోవడం అతనికి కనపడుతోంది గానీ మాటలు వినపడలేదు. ఆమె అన్న భుజం మీది గాయానికి మందు రాసింది. తర్వాత దుప్పటి అతని చుట్టూ కప్పి అక్కడే కూర్చుంది. తిరిగి రాలేదు.

పడవ మొత్తం డాక్టరుది అయింది. చుక్కాని దగ్గర కూర్చున్నాడు. లేచి పడవ ముందుకి వెళ్ళాడు. ఏది ముట్టుకున్నా అది బావ పేనిందో, ఆమె కుట్టిందో అయింది. తను పట్టుకున్న కొసలు మాత్రం ఎక్కడా గుర్తుపట్టడానికి లేవు. ఇంక ఉండబట్టలేక నిచ్చెన దిగాడు. వెళ్ళడానికి రబ్బరు పడవ లేదు. నీళ్ళ మీద కాలు మోపాడు. గోరువెచ్చగా, పరుపులాగా కాస్త లొంగి, నీళ్ళు అతన్ని ఆపాయి. అతను దాని గురించి ఆలోచించే స్థితిలో లేడు. నడుచుకుంటూ వాళ్ళ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

“బావా, ఆ ఫోన్ సంగతి...”

“చెప్పింది,” అన్నాడు మాస్టరు. “నాకు మొదటి రోజే తెలిసిందిలే. రేవులో పడవ లేకపోతే ఏమనుకుంటాను?”

“మరి భయమేసిందని నువ్వెందుకు ఒప్పుకున్నావు?”

“నిజం చెప్తే ఇది ఆ క్షణమే పడవ దిగిపోయేది. నడిసముద్రంలో ఎక్కడికి దిగుతుంది?” మాస్టరు మడమలు నిమురుకున్నాడు. “అదీకాక, చెప్పాల్సింది నేను కాదు కదా.”

డాక్టరు తల వంచుకున్నాడు. కింద నీళ్ళలో తన మొహం కనపడుతోంది. దాన్నీ చూడలేకపోయాడు.

“తప్పు చేశాను బావా. నీకూ వాటా ఉన్న పడవలోంచి నిన్ను తోసేశాను. వచ్చెయ్. ఇంటికి... పడవకి వచ్చెయ్.”

మాస్టరు లేచాడు. లేవగానే కాళ్ళు చీలమండల దాకా నీళ్ళలోకి దిగాయి. టైలరమ్మ చప్పున చెయ్యి అందించి రబ్బరు పడవలోకి లాగింది. అందులో ఇద్దరికే చోటు. ఆమె తెడ్డు వేస్తుంటే డాక్టరు వెనకాల నడిచాడు. ఆమె అన్నని నిచ్చెన ఎక్కించి, తనూ ఎక్కింది. డాక్టరు నిచ్చెన మీద చెయ్యి వేశాడు.

“మీరు ఆగండి,” అంది ఆమె.

ఆగాడు.

“అన్నయ్య మిమ్మల్ని క్షమించాడో లేదో అది మీ బావలిద్దరూ చూసుకోండి. అబద్ధం నాతో ఆడారు. నా అన్నని పిరికివాడన్నారు. నేనూ నమ్మి ఇన్నాళ్ళూ వాణ్ణి మొండివాడని విసుక్కున్నాను. వాడి కాళ్ళు పగులుతుంటే మీ పక్కన కూర్చుని కాఫీ తాగాను.” ఆమె గొంతు ఎక్కడా పెరగలేదు. “నాకు ఎప్పుడు తోస్తే అప్పుడు పిలుస్తాను.”

“ఒసే, పోనీలే, ఎక్కనివ్వు,” అన్నాడు మాస్టరు లోపలినించి.

“నువ్వు ఊరుకో అన్నయ్యా.”

డాక్టరు చెయ్యి తీసేశాడు. వెనక్కి తిరిగి నడిచాడు. ఎంత దూరం పోవాలో ఆమె చెప్పలేదు. కాళ్ళు వాటంతటవే ఒకచోట ఆగాయి. నీళ్ళు అక్కడ గట్టిగా ఉన్నాయి.

వర్షాలు వెళ్ళేదాకా పడవ ఆ మడుగులోనే ఉంది. తర్వాత బయల్దేరింది. చుక్కాని మాస్టరు పట్టుకున్నాడు. డాక్టరు నడిచాడు. నడుస్తుంటే మొదట్లో అవమానంగా ఉండేది. అది అరికాళ్ళ మంటతో పాటే తగ్గిపోయింది. అవమానం కింద అసలుది మిగిలింది. ఎండలో ఎంత దూరం నడిచినా అది ఆవిరి కాలేదు. ఇక్కడే ఈ అల మీదే బావ నడిచి ఉంటాడు, ఇలాగే వెనకబడి ఉంటాడు అనుకుంటూ అడుగులు వేసేవాడు. పొద్దున్నే రబ్బరు పడవలో టైలరమ్మ వచ్చి మూట ఇచ్చి, ఏమీ మాట్లాడకుండా వెళ్ళేది. కొన్నాళ్ళకి, “మడమలకి నూనె రాస్తున్నారా?” అని అడిగింది. ఇంకొన్నాళ్ళకి చాపగుడ్డ బూట్లు తెచ్చింది. కొలత తీసుకోకుండా కుట్టినా సరిగ్గా సరిపోయాయి. అవి చూసి అతను ఏదో అనబోతే, “మాట్లాడకండి,” అంది. అయినా వెంటనే వెళ్ళలేదు. రొట్టె తినేదాకా కూర్చుంది.

అతను ఎప్పుడూ పిలవమని అడగలేదు. అడిగే హక్కు ఉందని కూడా అనుకోలేదు.

ఒక సాయంత్రం, కొబ్బరిచెట్లున్న ఒక చిన్న తీరం దగ్గర పడవ లంగరు వేసి ఉంది. పడవలో గిన్నెల చప్పుడు, చేప వేగుతున్న వాసన. టైలరమ్మ ఆరిన బట్టలు తీస్తూ, ఇంట్లో పక్కగదిలోకి కేకేసినట్టు అంది.

“ఏమండీ. అన్నం చల్లారిపోతోంది.”

డాక్టరు విన్నది నిజమో కాదో తెలీక కాసేపు కదల్లేదు. లేచి నడవడం మొదలుపెట్టాడు. సగం దూరానికి నీళ్ళు మెత్తబడ్డాయి. చీలమండలు మునిగాయి, తర్వాత మోకాళ్ళు. బూట్లు బరువెక్కాయి. ఇంకొన్ని అడుగులకి సముద్రం అతన్ని మామూలు మనిషిలా నడుం దాకా, మెడ దాకా తీసుకుంది. మిగిలిన దూరం అతను ఈదాల్సి వచ్చింది. పెద్దగా ఈత వచ్చినవాడు కాదు. రొప్పుతూ, ఉప్పునీళ్ళు మింగుతూ నిచ్చెన దాకా చేరాడు.

పైనించి రెండు చేతులు కిందికి వచ్చాయి. ఒకటి భార్యది, ఒకటి బావది. ఏది పట్టుకోవాలో, అసలు పట్టుకోవచ్చో లేదో తెలీక, నీళ్ళలో నిచ్చెన కడ్డీనే పట్టుకుని వేలాడాడు. ఆ రెండు చేతులూ కాసేపు ఎదురుచూశాయి. తర్వాత వాటంతటవే ఇంకొంచెం కిందికి వంగి, చొక్కా కాలరు ఒకటీ, రెక్క ఒకటీ దొరకబుచ్చుకుని, అతన్ని పైకి లాగాయి.